పసుపు ఎక్కడిదాకా పనిచేస్తుందంటే

చిట్టితల్లీ,

ఫోన్‌లో నువ్వు ఏడుస్తుంటే సగం మాటలు నాకు అర్థమే కాలేదు. కుక్క పట్టి వదిలేసిన డేగ రంగు కోడిపెట్ట బతికే ఉందని, వీపు మీద చర్మం లేచిపోయిందని, మేత ముట్టడం లేదని మాత్రం తెలిసింది. అందుకే తాపీగా రాస్తున్నాను. చదివి వంటింట్లోనే పెట్టుకో, మళ్లీ పనికొస్తుంది.

ముందు దాన్ని మిగతా కోళ్లలోంచి తీసెయ్యి. రక్తం కనబడితే చాలు, తోటి కోళ్లే పొడిచి చంపేస్తాయి. సద్దు లేని మూల చూసి పాత గోనెసంచి, దాని మీద పొడి ఊక వేసి గంప కమ్మెయ్యి. తినలేదని టెన్షన్ పడకు. భయం దిగేదాకా ఏ కోడీ మేత మీదకు రాదు. నీళ్లు మాత్రం లోపలికి పోవాలి. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో టీ చెంచాతో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలుపు. పసిపిల్లలకు విరేచనాలైతే మనం పట్టేది ఇదే. ముక్కు చివర ఒక్కో చుక్క తడుపు, అదే మింగుతుంది. నోరు తెరిచి చెంచాతో పొయ్యకు తల్లీ. కోడికి నాలుక వెనకాలే గాలిగొట్టం తెరుచుకుని ఉంటుంది. నువ్వు మంచి చేద్దామని పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఇక గాయం సంగతి. చుట్టూ ఉన్న ఈకలు పీకకు, కత్తెరతో దగ్గరగా కత్తిరించు. అరలీటరు గోరువెచ్చని నీళ్లలో ఒక చెంచా ఉప్పు వేసి, రుద్దకుండా పైనుంచి ధారగా పొయ్యి. మట్టి, ఈక ముక్కలు అన్నీ కొట్టుకుపోవాలి. మెత్తని గుడ్డతో అద్ది, కొబ్బరినూనెలో పసుపు కలిపి పల్చగా రాయి. నేను పంపిన కొమ్ముల పసుపే వాడు. మందంగా మెత్తితే పైన పెచ్చు కట్టి లోపల చీము పడుతుంది. రోజూ రెండు పూటలా గాయం చూడాలి. ఈ రోజుల్లో ఈగ వాలిందంటే మర్నాటికి పురుగు పడుతుంది. పురుగు కనిపిస్తే కర్పూరం బిళ్ల పొడి చేసి కొబ్బరినూనెలో కరిగించి చుక్కలు వెయ్యి. పురుగులు పైకి వస్తాయి, ఒక్కటి మిగలకుండా పట్టుకారుతో ఏరెయ్యి. సీతాఫలం ఆకు పసరు కూడా పోస్తారు గానీ, దాని గింజల పొడి జోలికి మాత్రం వెళ్లకు. కంట్లో పడితే కోడికీ ప్రమాదం, నీకూ ప్రమాదం.

ఇంకో మాట. రెండు మూడు రోజులకు గాయం చుట్టూ చర్మం ఆకుపచ్చగా మారుతుంది. కుళ్లిపోయిందని కంగారు పడకు. మనకు దెబ్బ తగిలితే నల్లగా కమిలినట్టు కోడికి పచ్చగా కములుతుంది. రంగు కాదు, వాసన చూడు. దుర్వాసన వచ్చినా, పంటి గాటు కడుపులోకి దిగినా ఇంట్లో మందుతో ఆగకు. పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు, లేదా 1962కి ఫోన్ చెయ్యి.

కాలు విరిగితే రెండు వెదురు పుల్లలు, మధ్యలో దూది, పైన గుడ్డ కట్టు. వేళ్లు చల్లబడినా వాచినా కట్టు బిగిసినట్టే, వదులు చెయ్యి. మూడు వారాలకు అతుక్కుంటుంది.

తురాయి మీద, కళ్ల చుట్టూ పొక్కులు లేస్తే అది అమ్మవారు. దోమల వల్ల అంటుకుంటుంది. వేపాకు, పసుపు నూరి పొక్కుల మీద అద్దు, కంట్లో పడకుండా చూసుకో. పెచ్చులు గిల్లకు. నోటి లోపల కూడా తెల్లగా పొర కడితే మాత్రం డాక్టరుకు చూపించాల్సిందే.

పసుపు పని ఇంతవరకే. పైన కనిపించే పుండుకు మన మందు ఉంది. లోపలి తెగులుకు లేదు. కోడి రెక్కలు వాల్చి, కళ్లు మూసి తూగుతూ, ఆకుపచ్చ రెట్ట వేస్తూ, మెడ మెలి తిప్పితే అది కొక్కెర తెగులు, వైరస్ వల్ల వచ్చే జబ్బు. వెల్లుల్లి, మిరియాలు, తమలపాకు నూరి మింగించమని ఎవరో ఒకరు చెబుతారు. చిన్న పడిశమైతే ఊరట ఇస్తుందేమో గానీ కొక్కెర ఏ పసరుకూ ఆగదు. గొట్టం మాత్ర (యాంటీబయాటిక్) విప్పి అన్నంలో కలిపి పెట్టేవాళ్లూ ఉన్నారు. అది వైరస్ మీద పనిచెయ్యదు, పైగా మందు గుడ్డులోకి దిగుతుంది. ఆ గుడ్డు తినేది నీ కొడుకే కదా.

కోళ్లు ఒకేసారి నాలుగైదు పడిపోతే ఇంకా జాగ్రత్త. 2025 ఫిబ్రవరిలో మన తణుకు దగ్గర వేల్పూరులో బర్డ్ ఫ్లూ అని తేలాక ఇక్కడ ఎంత అలజడి అయిందో నీకు తెలుసు. అలాంటప్పుడు చచ్చినదాన్ని చేత్తో ముట్టుకోవద్దు, కొయ్యొద్దు, కాలువలో పారెయ్యొద్దు. వెంటనే పశువుల ఆసుపత్రికి చెప్పు, వాళ్లు చెప్పినట్టే పూడ్చండి.

కొక్కెరకు ఉన్న దారి టీకా ఒక్కటే. కోడిపిల్లలకు వారం లోపు కంట్లోనో ముక్కులోనో లసోటా చుక్క, 6 నుంచి 8 వారాల మధ్య ఆర్‌టూబీ సూది. జబ్బుగా ఉన్నదానికి వెయ్యకూడదు. మీ డేగ కోలుకున్నాక దాని సంగతి డాక్టరును అడుగు, మిగతావాటికి ఇప్పుడే వేయించు. మామూలుగా ఒక సీసా వంద కోళ్లకు వస్తుంది. ఐసులో పెట్టి తేవాలి, కలిపాక రెండు గంటల్లో వాడెయ్యాలి. పది కోళ్ల కోసం సీసా విప్పితే మిగతాదంతా పారబొయ్యడమే. అందుకని మీ వీధిలో కోళ్లున్న వాళ్లందరినీ కలుపుకుని ఒకే పొద్దున పెట్టుకోండి. పక్కింటి కోళ్లకు టీకా పడితే నీ కోళ్లకూ భయం తగ్గుతుంది. ఈ ఆదివారమే అడుగు, ఆలస్యం చెయ్యకు.

ఆశీస్సులతో,
అమ్మ