గుండె గోడ మందమైందట!

బాగ్‌లింగంపల్లి,
హైదరాబాద్

ఒరేయ్ రాఘవా,

రాత్రి నీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదురా. బీపీ అని తెలిసినప్పటి నుంచి మేడ మెట్లు కూడా ఎక్కడం లేదన్నావు. గుండెకు శ్రమ పెట్టకూడదని ఎవరు చెప్పారు నీకు? చెల్లెమ్మ భయపడి ఉంటుంది, ఆమె తప్పేం లేదు. నాలుగేళ్ల కిందట మా ఇంట్లోనూ అదే మాట. ఫోన్లో అయితే నన్ను సగంలోనే ఆపేస్తావు, అందుకే కాయితం మీద పెడుతున్నా.

అప్పుడు నాకు టూడీ ఎకో, అదే గుండె స్కానింగు, తీశారు. గుండె ఎడమ గది గోడ మందమైందని రిపోర్టు. కండ పెరిగితే మంచిదేగా అనుకున్నా. డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. బీపీ ఎక్కువుంటే రక్తాన్ని తోయడానికి గుండె ఏళ్ల తరబడి ఎక్కువ బలం పెట్టాలి. అలా పెట్టీ పెట్టీ గోడ మందమవుతుంది, బిరుసెక్కుతుంది. బిగుసుకుని రక్తాన్ని తోయడం బాగానే తోస్తుంది. ఆ తర్వాత వదులై మళ్లీ నిండాలి చూడు, తంటా అంతా అక్కడ. సరిగ్గా నిండకపోతే ఊపిరితిత్తుల వైపు ఒత్తిడి పెరుగుతుంది. రెండో అంతస్తు ఎక్కేసరికి నాకొచ్చిన ఆయాసం అదేనట. నేను మోకాళ్లదీ, వయసుదీ అనుకుంటూ కూర్చున్నా.

మరి నడిస్తే ఏమవుతుంది? రక్తం జోరుగా పారుతుంది. ఆ ఒరిపిడికి రక్తనాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును వదులుతుంది, దాంతో నాళాలు విచ్చుకుంటాయి. గుండె మీద బరువు ఆ మేరకు తగ్గుతుంది. నడిచొచ్చాక కొన్ని గంటలపాటు బీపీ కాస్త దిగే ఉంటుంది. వారాల తరబడి మానకుండా చేస్తే, బీపీ ఉన్నవాళ్లకు పై అంకె సగటున 5 నుంచి 8 దాకా తగ్గుతుంది. ఇంతేనా అనకురా, ఒక మాత్ర చేసే పనికి దగ్గర దగ్గరగా ఉంటుంది.

అలాగని మాత్ర మానేయకు. ఒక ఎండాకాలం అంకెలు బాగున్నాయని నేను నా అంతట నేనే ఆపేశా. మూడు వారాలకు 170 చూపించింది. మీ చెల్లెలి కళ్లలో నీళ్లు చూశాక మళ్లీ ఆ పని చేయలేదు.

ఇప్పుడు రోజూ ఐదున్నరకల్లా సుందరయ్య పార్కులో ఉంటా. మొదటి పది నిమిషాలు మెల్లగా, తర్వాత చెయ్యి ఊపుతూ చురుగ్గా. పక్కవాడితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదీ వేగం. నేను వేసుకునే బీపీ మాత్ర బీటా బ్లాకర్ రకం, దానివల్ల నాడి పెద్దగా పెరగదు, అందుకని వాచీ లెక్క చూసుకోను. వారానికి 150 నిమిషాలు చాలు. అరగంట చొప్పున ఐదు రోజులంటే సరిపోయె.

ఆపేటప్పుడు కూడా మెల్లగానే. ఒకరోజు చురుగ్గా నడిచొచ్చి ఉన్నపళంగా ఆగి నిలబడ్డా. కళ్లు బైర్లు కమ్మి, పక్కనున్న రెయిలింగు పట్టుకున్నా. నడుస్తున్నంతసేపూ కాళ్ల కండరాలు రక్తాన్ని పైకి నెడుతుంటాయి. టక్కున ఆగితే అది కాళ్లలోనే ఉండిపోతుంది.

నువ్వు ముందు మీ డాక్టరుకు చూపించుకో, నడక ఎంతతో మొదలుపెట్టాలో అడుగు. బీపీ పై అంకె 180 దాటిన రోజు నడకకు పోవద్దు. ఛాతీలో బరువుగా అనిపిస్తే అక్కడికక్కడే ఆగి ఆసుపత్రికి పో, ఇంటికొచ్చి పడుకోవద్దు. తర్వాత మీ చెరువు కట్ట మీద పది నిమిషాలతో మొదలుపెట్టు. చెల్లెమ్మను కూడా తీసుకెళ్లు, ఆమెకూ ధైర్యం వస్తుంది.

బీపీ మిషను ఒకటి కొని పంపుతున్నా. ఐదు నిమిషాలు కుర్చీలో కుదురుగా కూర్చున్నాకే చూసుకో. ఆ అంకెలు ఆదివారం ఆదివారం నాకు రాసి పంపు, ఎదురుచూస్తుంటా.

నీ
సత్యం