రీకాల్ లిఫ్టుది అయితే వ్యాన్ నంబరు ఒక్కటే చూస్తే చాలదు

సంపాదకులకు నమస్కారం.

ఫలానా కారులో ఎయిర్‌బ్యాగ్ లోపమనీ, ఫలానా మోడల్‌కు బ్రేకుల రీకాల్ అనీ పత్రికల్లో తరచూ వార్తలు వస్తుంటాయి. చదివినవాళ్లు తమ బండి నంబరు కొట్టి చూసుకుని నిశ్చింతగా ఉంటారు. వ్యాన్లకు బిగించే వీల్‌చైర్ లిఫ్టుల విషయంలో ఆ నిశ్చింత పనికిరాదు. అమెరికాలోని తెలుగు కుటుంబాల్లో తల్లిదండ్రుల కోసమో పిల్లల కోసమో ఇలాంటి వ్యాన్లను సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లున్నారు. ఈ ఉత్తరం ముందుగా వాళ్ల కోసం.

వ్యాన్ తయారుచేసేది ఒక కంపెనీ, లిఫ్టు ఇంకొకరిది, దాన్ని తెచ్చి బిగించేది మూడోవాళ్లు. లోపం లిఫ్టులో ఉంటే చాలాసార్లు రీకాల్ కూడా లిఫ్టు పేరు మీదే వస్తుంది. అక్కడి రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ ఇచ్చే రీకాల్ నంబరులో ఏడాది అంకెల పక్కన ఒక అక్షరం ఉంటుంది. వాహనానికైతే ‘వి’, విడి పరికరానికైతే ‘ఈ’. వ్యాన్ తాలూకు 17 అక్షరాల విన్ (వాహన గుర్తింపు) నంబరు కొడితే తెలిసేది వాహనం మీద ఉన్న రీకాల్ గురించే. అమ్మకం తర్వాత బిగించిన లిఫ్టుకు ‘ఈ’ రీకాల్ ఉన్నా, తెర మీద మాత్రం ఏమీ లేదనే వస్తుంది.

ఉత్తరం వస్తుందిలే అని ఎదురుచూడటం కూడా సెకండ్ హ్యాండ్ వ్యాన్ ఉన్నవాళ్లకు ప్రమాదమే. లోపం ఉందని తేలిన 5 పనిదినాల్లో కంపెనీ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏకు చెప్పాలి. ఆ తర్వాత 60 రోజుల్లోగా యజమానులకు ఉత్తరాలు పంపాలి. వాహనాల రీకాల్ అయితే రాష్ట్రాల రిజిస్ట్రేషన్ రికార్డుల నుంచి చిరునామాలు దొరుకుతాయి. విడి పరికరాలకు అలాంటి రికార్డు లేదు కాబట్టి, కంపెనీకి తెలిసిన చివరి కొనుగోలుదారుకు పంపితే చట్టం ప్రకారం సరిపోతుంది. వ్యాన్ రెండు చేతులు మారి ఉంటే ఆ ఉత్తరం ఎప్పుడో ఖాళీ చేసిన మొదటి యజమాని ఇంటికి పోతుంది. పైగా, రీకాల్ మరమ్మతు చేయించని పాత వాహనాన్ని అమ్మకూడదని డీలర్లను కట్టడి చేసే ఫెడరల్ చట్టం లేదు. కొత్త వాహనాలకు, 35కి మించి బళ్లున్న అద్దె సంస్థలకు మాత్రమే ఆ నిషేధం ఉంది.

అందుకని చూడాల్సింది లిఫ్టు మీది ప్లేటు. ఇది సాధారణంగా నిలువు స్తంభం మీదో, పంపు మూత పక్కనో ఉంటుంది. గ్రీజు, దుమ్ము పట్టి కనిపించకపోతే పొడిగుడ్డతో తుడిచి ఫొటో తీసుకోండి. కంపెనీ పేరు, మోడల్, సీరియల్ నంబరు, తయారైన నెల, ఏడాది రాసిపెట్టుకోండి. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో వాహనాల విభాగంలో కాకుండా పరికరాల విభాగంలో లిఫ్టు కంపెనీ పేరుతో వెతకండి. తర్వాత కంపెనీకి ఫోన్ చేసి ఆ సీరియల్ నంబరు రీకాల్ పరిధిలో ఉందో లేదో అడగండి. అదే ఫోన్‌లో మీ పేరు, చిరునామా నమోదు చేయించుకుంటే ఇకపై ఉత్తరాలు మీ ఇంటికే వస్తాయి. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ హాట్‌లైన్ 1-888-327-4236. మరమ్మతుకు డబ్బు తీసుకోకూడదు. అయితే ఈ ఉచితం మొదటి కొనుగోలు నుంచి 15 ఏళ్ల వరకే వర్తిస్తుంది. గడువు దాటిన లిఫ్టులోనూ లోపం లోపమే కాబట్టి డబ్బు పెట్టయినా బాగుచేయించాలి.

లిఫ్టులో ఏది చెడితే మనిషికి ప్రమాదమో తెలిస్తే ఈ శ్రమ ఎందుకో అర్థమవుతుంది. అన్నిటికన్నా భయపెట్టేది వ్యాన్ గడప దగ్గరి హెచ్చరిక పనిచేయకపోవడం. వ్యాన్ లోపల వీల్‌చైర్‌లో ఉన్న మనిషి వెనక్కి జరుగుతూ తలుపు దగ్గరికి వస్తారు. ప్లాట్‌ఫాం (కుర్చీని మోసే లిఫ్టు పలక) వ్యాన్ నేలతో సమానంగా ఉందనుకుంటారు, కానీ అది కిందికి దిగిపోయి ఉంటుంది. వెనక చక్రం అంచు దాటిందంటే కుర్చీ మనిషితో సహా వెల్లకిలా పడుతుంది. దీన్ని ఆపడానికే ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 403 అనే అమెరికా వాహన భద్రతా ప్రమాణంలో నియమం పెట్టారు. 2005 నుంచి అమలులో ఉన్న ఈ ప్రమాణం ప్రకారం, ప్లాట్‌ఫాం వ్యాన్ నేలకన్నా అంగుళం మించి కిందికి ఉన్నప్పుడు, అంచు నుంచి 18 అంగుళాల లోపల మనిషిగానీ చక్రంగానీ ఉంటే హెచ్చరిక రావాలి. పబ్లిక్ లిఫ్టులో, అంటే బస్సుల వంటి ప్రజా వాహనాల లిఫ్టులో, దీపం, మోత రెండూ ఉండాలి. సొంత వ్యాన్ లిఫ్టులో కనీసం ఒకటి ఉండాలి. గడప కింది ఒత్తిడి చాప ఏళ్ల తరబడి నలిగి, లోపలి పొరలు అతుక్కుపోతే స్విచ్ పనిచేయదు. కాంతి సెన్సర్ ఉన్న లిఫ్టుల్లో అద్దం మీది మట్టి చాలు దాన్ని గుడ్డిదాన్ని చేయడానికి. ఇంకో చిక్కుంది. హెచ్చరిక ఊరికే మోగుతోందని విసుగొచ్చి దాని వైరు పీకేసినవాళ్లుంటారు. సెకండ్ హ్యాండ్ వ్యాన్ కొనేటప్పుడు ముందు చూడాల్సింది ఇదే.

చూడటం ఇలా. వ్యాన్‌ను చదునైన చోట ఆపి, ఖాళీ ప్లాట్‌ఫాంను మూడు నాలుగు అంగుళాలు మాత్రమే దించండి. ఒకరు బయట స్విచ్ దగ్గర ఉండాలి. ఇంకొకరు లోపలి హ్యాండిల్ గట్టిగా పట్టుకుని, అంచుకు అడుగు దూరంలో ఒక కాలు ఆనించాలి. వెంటనే హెచ్చరిక రాకపోతే ఆ లిఫ్టు ఎవరినీ ఎక్కించడానికి పనికిరాదు.

ప్లాట్‌ఫాం చివర లేచే అడ్డురేకు రెండోది. ప్లాట్‌ఫాం నేల మీద నుంచి మూడు అంగుళాలు లేచేలోపు ఆ రేకు నిలబడాలి. లేకపోతే ప్లాట్‌ఫాం తనంతట తానే ఆగిపోవాలి. రేకు సగమే లేచినా ప్లాట్‌ఫాం పైకి పోతోందంటే స్విచ్ చెడిందనో, సర్దుబాటు తప్పిందనో అర్థం. మోటారు కుర్చీ జాయ్‌స్టిక్ మీద చెయ్యి పొరపాటున పడితే కుర్చీ ముందుకు దూకకుండా ఆపేది ఆ రేకే.

పంపుకు కరెంటు తెచ్చే లావుపాటి కేబుల్ బ్యాటరీ నుంచి నేరుగా వస్తుంది. అది వ్యాన్ బాడీ రేకులో చిల్లు గుండా వెళ్లే చోట రబ్బరు బుష్ ఊడిపోతే అంచు ఒరుసుకుని తొడుగు చిరుగుతుంది. ఇంజిన్ ఆపేసి ఉన్నా ఆ తీగలో కరెంటు ఉంటుంది కాబట్టి, ఇంటి ముందు నిలిపిన బండి కూడా రాత్రికి రాత్రి అంటుకోవచ్చు. రక్షణ బ్రేకర్ బ్యాటరీకి ఆనుకుని ఉండాలి. పంపు దగ్గర పెడితే మధ్యలోని తీగకు రక్షణే ఉండదు. ఇలాంటి లోపానికి రీకాల్ వస్తే, బాగుచేయించేవరకు బండిని ఇంటికి దూరంగా నిలపండి. లిఫ్టు కేబుల్‌ను బ్యాటరీ దగ్గర విప్పించండి.

బరువు సంగతి చాలామంది పట్టించుకోరు. పబ్లిక్ లిఫ్టుకు ప్రమాణం చెప్పే బరువు 272 కిలోలు. మోటారు కుర్చీ 150 కిలోలు, మనిషి 90 కిలోలు అనుకుంటే 240. తోడున్నవారు 70 కిలోలు ఉండి పక్కన ఎక్కితే 310 అయింది. సొంత వ్యాన్ లిఫ్టు ఎంత మోస్తుందో దాని ప్లేటు మీదే ఉంటుంది.

కరెంటు పోయినప్పుడు చేతిపంపుతో నడపవచ్చు. పైకి ఎత్తేముందు విడుదల వాల్వ్ బిగించి ఉండాలి, దించాలంటే దాన్ని నెమ్మదిగా విప్పాలి. చేతిపంపు వాడేటప్పుడు పైన చెప్పిన హెచ్చరికలు, ఆపే స్విచ్‌లు పనిచేస్తాయని నమ్మకండి.

ఇక మన దగ్గరి, అంటే భారతదేశం మాట. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 110ఏ సెక్షన్ కింద కేంద్రం రీకాల్‌కు ఆదేశించవచ్చు. లోపం విడిభాగంలో ఉంటే ఆ భాగమున్న వాహనాలన్నిటినీ, ఏ రకమైనా ఏ వేరియంట్ అయినా సరే, వెనక్కి పిలిపించే అధికారం ఆ సెక్షన్‌లోనే ఉంది. కానీ ఆ భాగం ఏ వాహనంలో ఉందో రాసిపెట్టిన పుస్తకం ఉంటేనే అది అక్కరకొస్తుంది. టెంపో ట్రావెలర్‌కో ఇంకో వ్యాన్‌కో లిఫ్టు బిగించింది బాడీ బిల్డింగ్ షెడ్డులో అయితే, బిల్లు మీద ‘లిఫ్టు ఒకటి’ అని తప్ప ఏమీ ఉండకపోవచ్చు. మార్పు చేసిన 14 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలని 52వ సెక్షన్ చెబుతోంది. ఆ సమాచారంలో లిఫ్టు కంపెనీ పేరు, మోడల్, సీరియల్ నంబరు కూడా తీసుకుని రికార్డుల్లో ఎక్కించాలని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రవాణా శాఖలను కోరుతున్నాం. ఒక్క వరుస అదనంగా రాస్తే చాలు.

పత్రికలకూ ఒక విన్నపం. లిఫ్టుల రీకాల్ వార్త వేసినప్పుడు దయచేసి లిఫ్టు మోడల్, సీరియల్ నంబర్ల పరిధి, తయారీ తేదీలు తప్పకుండా ఇవ్వండి. వ్యాన్ పేరు మాత్రమే ఇస్తే, అదే లిఫ్టు వేరే వ్యాన్‌లో ఉన్నవాళ్లు ఆ వార్త తమది కాదనుకుని పేజీ తిప్పేస్తారు.

— వీల్‌చైర్ లిఫ్టుల మరమ్మతు పనిలో ఉన్న తెలుగువారు, టెక్సస్