కాలువ పలకలే మాకు ఫుట్‌పాత్, వాటినైనా సరిచేయండి

సంపాదకులకు నమస్కారం.

మా ఇంటి నుంచి బ్యాంకు అరకిలోమీటరు కంటే కాస్త ఎక్కువ దూరం. మొన్న నవంబరులో పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ కోసం అమ్మను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తోసుకుంటూ తీసుకెళ్లాను. ఫోన్‌లో ముఖం చూపిస్తే సరిపోతుంది కదా అని ఇంట్లో అందరూ అన్నారు, నిజమే, కానీ పక్షవాతం వచ్చాక ఏడాదిగా గడప దాటని మనిషి, బజారు చూడాలని ఉంది, కూరగాయల కొట్టు ఆవిడని పలకరించాలని ఉంది అని అడిగితే ఎలా కాదంటాను?

పోయి రావడానికి రెండు గంటలు పట్టింది. కాలువ మీద పలకలు ఒకటి పైకి లేచి ఉంటే ఇంకొకటి లోపలికి కుంగి ఉంది, నాలుగిళ్లు దాటాక అసలు పలకే లేదు. తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, అది దాటితే ఎవరింటిదో ర్యాంపు రోడ్డు దాకా దిగి ఉంది. సరే అని రోడ్డు మీదికి దిగి తోస్తుంటే వెనక ట్రాక్టర్ ఆపకుండా హారన్ కొడుతోంది. అమ్మ కుర్చీ గట్టిగా పట్టుకుని "ఇంటికెళ్లిపోదాం పదవే" అంది. కూరగాయల కొట్టు దాకా వెళ్లనే లేదు.

బ్యాంకు దగ్గర ర్యాంపు ఉంది. మెట్లు రెండడుగుల ఎత్తు, ర్యాంపు ఐదడుగుల పొడవు. అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల వాలు ఉండాలన్నది నియమం, అంటే అక్కడ ఇరవై నాలుగు అడుగులు కావాలి. ఇద్దరు కుర్రాళ్లు వచ్చి కుర్చీతో సహా అమ్మను పైకెత్తారు, వాళ్లకి దండం పెట్టాను.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి, సైకిల్ మీద బడికెళ్తుంది. పాత రోడ్డు మీదే కొత్త సిమెంటు రోడ్డు వేసుకుంటూ పోయారు కాబట్టి అంచు జానెడు ఎత్తు లేచింది, లారీ వస్తే పక్కకి దిగాలి, దిగితే పడాలి. అది ఇల్లు చేరేదాకా నాకు రోజూ టెన్షనే.

ఇది మా ఒక్క ఇంటి బాధ కాదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లు. ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగంలో జీవించే హక్కునిచ్చే 21వ అధికరణం కిందికే వస్తుందని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. ఫుట్‌పాత్ కనీసం 1.8 మీటర్లు, అంటే దాదాపు ఆరడుగులు అడ్డు లేకుండా ఉండాలని రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సంస్థ 2012లోనే రాసి పెట్టింది.

ఇంత ఇరుకు బజార్లో ఆరడుగులు ఎక్కడివి అంటారు. కాలువ మీదే ఉన్నాయండీ! కాలువ, దాని పక్క మార్జిన్ కలిపితే చాలాచోట్ల ఆరడుగులు వస్తుంది. పలకలు కుంగడానికి కారణం కూడా అందరికీ తెలిసిందే, పూడిక తీయడానికి లేపుతారు, మళ్లీ సరిగ్గా కూర్చోబెట్టరు. పూడిక తీసే చోట మాత్రం విడిగా ఇనుప మూతలు పెట్టి, మిగతా పలకలు కదలకుండా వేస్తే ఆ సమస్య ఉండదు. తోపుడు బండ్లవాళ్లను తరిమేయమని నేను అడగడం లేదు, వాళ్లకు చోటు చూపించాలని 2014 నాటి వీధి వ్యాపారుల చట్టమే చెబుతోంది.

వచ్చే వేసవిలో మా ఊళ్లో కాలువ పనులు మొదలవుతాయంటున్నారు. పలకలు రోడ్డుతో సమానమైన ఎత్తులో, మధ్యలో ఎక్కడా తెగకుండా ఉండాలని, వాటి మీదికి ఇంటి ర్యాంపులు గానీ దిమ్మెలు గానీ రాకూడదని ఎస్టిమేట్‌లోనే రాయమని అధికారులను అడుగుతున్నాను. పని అయ్యాక పగలగొట్టడం ఎవరివల్లా కాదు. నవంబరు లోపు అది జరిగితే అమ్మను ముందు కూరగాయల కొట్టుకే తీసుకెళ్తాను.

– ఒక పాఠకురాలు