గుత్తిలో కేశవ పిళ్లై శిలాఫలకం: సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం పనిలో ముప్పాతిక వంతు ఒక్క రాయి చుట్టూనే తిరిగింది. అది గుత్తిలో ప్లీడరుగా పనిచేస్తూ, ఇక్కణ్ణుంచి పత్రికకు వార్తలు రాసిన దివాన్ బహదూర్ పట్టు కేశవ పిళ్లై స్మారక ఫలకం. వేసవి చలివేంద్రం, పాత పుస్తకాలకు అట్టలు, సభ్యత్వ రుసుముల వసూలు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు సర్వసభ్య సమావేశంలో విడిగా పెడతాం. ఇక్కడ ఫలకం సంగతే వివరంగా రాస్తున్నాం. రేపు ఇంకెవరైనా ఇలాంటిది నిలబెట్టాలనుకుంటే పనికొస్తుంది.

రాయిమీది మాటలు

3 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు రాయిలో అంచులు వదిలితే రాతకు మిగిలేది సుమారు 30 అంగుళాల వెడల్పు. అక్షరం ఎత్తు 25 మి.మీ. కంటే తగ్గితే ఒత్తులు మూసుకుపోతాయి, పంక్తుల మధ్య ఎడం కూడా ఇంగ్లీషు రాతకంటే ఎక్కువ కావాలి. ఆ లెక్కన పేరు పోగా 8 పంక్తులు, పంక్తికి 25 అక్షరాలు, అంటే 35 మాటలు మించవు. మొదటి చిత్తులో 140 మాటలున్నాయి. అందులో మహనీయుడు, త్యాగధనుడు, ప్రాతఃస్మరణీయుడు లాంటివే ఒక పంక్తిన్నర తిన్నాయి. వాటిని ముందు కొట్టేశాం.

మిగిల్చినవి మూడు. 1885 డిసెంబరులో బొంబాయి గోకుల్‌దాస్ తేజ్‌పాల్ సంస్కృత కళాశాలలో జరిగిన కాంగ్రెస్ తొలి మహాసభకు వెళ్లిన 72 మంది ప్రతినిధుల్లో ఆయన ఒకరు. 1893లో గుంతకల్లు దగ్గర ఇద్దరు ఆడవాళ్లను తెల్ల సిపాయిల బారినుంచి కాపాడబోయి తూటాకు బలైన రైల్వే గేటు కాపలాదారు హంపన్న ఉదంతాన్ని ‘హిందూ’ పత్రికకెక్కించారు. తర్వాత మద్రాసు శాసనమండలిలో సభ్యుడిగా, ఉపాధ్యక్షుడిగా పనిచేశారు. 1922లో బ్రిటిష్ గయానాలోని మన కూలీల స్థితిగతులు చూసిరావడానికి వెళ్లిన బృందానికి ఆయనే అధ్యక్షుడు. అది వదలాల్సి రావడం చాలామందికి రుచించలేదు కానీ రాయి సాగదు. పుట్టిన ఊరి మాటా పెట్టలేదు. ఆయన్ని జనం నోట ‘గుత్తి’ కేశవ పిళ్లైని చేసింది ఇక్కడి ప్లీడరు పని, ఇక్కణ్ణుంచి రాసిన వార్తలూ. పేరు కింద 1860–1933 అని మాత్రం ఉంది.

చోటు, రాయి

గుత్తి కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. రక్షిత కట్టడం హద్దునుంచి 100 మీటర్ల లోపు కొత్త కట్టడం నిషిద్ధం, ఆపైన మరో 200 మీటర్ల వరకు ముందుగా అనుమతి తీసుకోవాలి. దిమ్మె అయినా కట్టడమే. రోడ్లమీద, ఫుట్‌పాత్‌లమీద విగ్రహాలకూ కట్టడాలకూ అనుమతివ్వొద్దని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి కూడలి ఆలోచన మొదట్లోనే మానుకున్నాం. పాత భవనం గోడకు బిగించే ఆలోచనా అంతే. సున్నం, గచ్చుతో కట్టిన గోడకు సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి రాక, కొన్నాళ్లకు పెచ్చులు ఊడతాయి.

తాడిపత్రి బండ పక్కనే దొరుకుతుంది, చవక కూడా. కానీ ఆ నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది. ఎండకూ వానకూ నునుపు పోయి బూడిదరంగుకు తిరుగుతుంది, అక్షరం అంచులు రాలతాయి. అరుగుకు మంచిదే, అక్షరానికి కాదు. అందుకే 20 మి.మీ. మందం నల్ల గ్రానైట్ తీసుకున్నాం. బరువు 30 కిలోల పైమాటే. లేజరు రాత పైపైనే ఉండి వాన తడికి కనబడకుండా పోతుంది కాబట్టి, అక్షరాల ఆకారంలో కోసిన రబ్బరు స్టెన్సిల్ అంటించి, ఇసుక పోటుతో (గాలి ఒత్తిడితో ఇసుక చిమ్మి) 3 మి.మీ. లోతు చెక్కించాం.

ఒక్క ఒత్తు

మొదటిసారి రాయిమీద ‘పిళై’ అని పడింది. చెక్కే చోటి కంప్యూటరులో ఉన్నది పాత డీటీపీ ఫాంటు. మనం పంపింది యూనికోడ్, రెండింటి అక్షర సంకేతాలూ వేరు. ‘ళ్లై’లో లావత్తూ, ఐత్వం కింది కొమ్మూ రెండూ అక్షరం అడుగునే రావాలి. ఫాంటు మారేసరికి రెండూ ఒకదానిమీద ఒకటి పడ్డాయి. ముద్దలా కనిపించిన చోట ఒకటి తీసేశారు, పోయింది లావత్తు. నమూనాను మనం ఫోన్ తెరమీద చూసి సరేనన్నాం, కాబట్టి సగం తప్పు మనదే. గ్రానైట్‌లో చెక్కిన అక్షరాన్ని మందుతో పూడిస్తే మెరుపు కలవదు, ఎండకు ఊడుతుంది. రాయిని తిరగేసి, వెనకవైపు నునుపు పట్టించి మళ్లీ చెక్కించాం. మిగిలిన 17 మి.మీ. మందం సరిపోయింది.

రెండోసారి అక్షరాలను కర్వ్స్‌గా, అంటే ఫాంటుతో పనిలేని గీతల బొమ్మలుగా మార్చి ఫైలు ఇచ్చాం. అసలు సైజులో కాగితంమీద అచ్చు తీయించి గోడకంటించి, 10 అడుగుల దూరంనుంచి చివరి మాటతో మొదలుపెట్టి వెనక్కి చదివాం. వరసగా చదివితే కన్ను తనంతట తానే తప్పు దిద్దుకుంటుంది.

నిలబెట్టడం

పునాది మొరుసు తగిలేదాకా, 3 అడుగులు తవ్వాం. ఇటుక దిమ్మెను 10 రోజులు గోనెపట్టాలతో తడిపాం, ఆ తర్వాత నెల ఆరనిచ్చాం. పచ్చి దిమ్మెకు రాయి బిగిస్తే అంచుల వెంట తెల్లగా ఉప్పు పొంగుతుంది. రాయికి నాలుగు మూలల్లో, అంచునుంచి 2 అంగుళాలు లోపలికి, వజ్రపు బిట్టుతో నీళ్లు పోస్తూ రంధ్రాలు వేశాం. డ్రిల్లును హ్యామర్ మోడ్‌లో, అంటే సుత్తి దెబ్బలతో తిరిగేలా పెడితే మూల చిట్లుతుంది. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువే. మామూలు ఇనుము తుప్పుపట్టి ఉబ్బి రాయినే పగలగొడుతుంది. అంటించే మందు మన ఎండకు గబగబా గట్టిపడుతుంది, అందుకని తెల్లవారుజామునే పని ముగించాం. ముఖం ఉత్తరానికి పెట్టాం. పడమటెండ పడితే నల్లరాయి అద్దంలా మెరిసి చదవనివ్వదు, అక్షరాల్లోని రంగూ త్వరగా పోతుంది. బంగారు రంగు ముచ్చటగానే ఉంటుంది కానీ పెచ్చులూడుతుంది, కాబట్టి తెల్ల ఎనామెల్ నింపించాం.

ఇక సభ్యులకు విన్నపాలు. కడగడానికి నీళ్లూ, కాస్త సబ్బూ చాలు. యాసిడ్ పోస్తే రాయికి కాకపోయినా సందుల్లోని సిమెంటుకు చేటు. దండ వేయాలంటే దిమ్మెమీద పెట్టండి, బోల్టులకు తీగ కట్టొద్దు. అక్టోబరు 8 జయంతికి కొబ్బరికాయ కొట్టేవాళ్ల కోసం పక్కన విడిగా ఒక గుండు వేయించాం. పోస్టరు అంటిస్తే గోరువెచ్చని నీళ్లతో నానబెట్టి తీయాలి, బ్లేడు పెట్టొద్దు. రెండేళ్లకోసారి ఎనామెల్ తిరిగి నింపాలి. స్టెన్సిల్ ఫైలు, అసలు సైజు కాగితం సంఘం బీరువాలో ఉన్నాయి.