ఫొటోలతో హిస్టాలజీ నేర్పుతారా?

సంపాదకుడికి,

మెడికల్ సీట్లు పెరుగుతున్నాయని గత వారం మీరు వేసిన వార్త చదివి ఊరుకుందామనుకున్నాను. నాలుగు రోజులైనా మనసు ఊరుకోలేదు. ముప్పై ఏళ్లు కణజాలం కోసి, రంగు పట్టించి స్లైడులు చేసినవాణ్ని.

మా చెల్లెలి మనవరాలు ఒక ప్రైవేటు కళాశాలలో ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం చదువుతోంది. మొన్న హిస్టాలజీ (కణజాలాల నిర్మాణం నేర్పే పాఠం) రికార్డు తెచ్చి చూపించింది. ఊదా, గులాబీ పెన్సిళ్లతో బొమ్మలు ముచ్చటగా వేసింది. చూపుకు దగ్గరగా ఉండే మూడు రోగనిరోధక అవయవాల పేర్లు చెప్పి, "స్ప్లీన్, థైమస్, లింఫ్ నోడ్ ఎలా పోల్చుకుంటావమ్మా?" అంటే, "ఫొటోలు గుర్తున్నాయి తాతయ్యా" అంది. ఇరవై మందికి ఒక మైక్రోస్కోపట, దాని ఫైన్ ఫోకస్ తిరగదట. సీనియర్లు ఫోన్లో పంపిన ఫొటోలే వాళ్లకు పాఠం. లక్షల ఫీజు కట్టించుకుని ఇదా చెప్పే చదువు!

ఫొటోలో ఉండేది ఎవరో వెతికి పెట్టిన ఒక్క చోటు. స్లైడును ముందు లో పవర్‌లో ఈ కొస నుంచి ఆ కొసకు జరిపి చూడాలి. క్యాప్సూల్ (పై పొర) కిందనే సైనస్ (ద్రవం పారే ఖాళీ) కనిపిస్తే లింఫ్ నోడ్. వైట్ పల్ప్ (తెల్లకణాల గుంపు)లో చిన్న ధమని ఒక పక్కగా ఉంటే స్ప్లీన్. మెడుల్లా (లోపలి భాగం)లో హాసల్ కార్పసుల్స్ (గుండ్రటి కణాల చుట్టలు) దొరికితే థైమస్. ఇలా వెతకడం ఇప్పుడు అలవాటు కాకపోతే, రేపు పాథాలజీలో క్యాన్సర్ స్లైడు పెడితే ఈ పిల్లలు ఏం చూస్తారు?

స్లైడుల పెట్టెలు కిటికీ పక్కనే ఉంటాయట. వెలుతురు తగిలితే ఇయోసిన్ అనే గులాబీ రంగు వెలిసిపోతుందని చెప్పేవాళ్లే లేరా? కొత్తవి చేయాలంటే ఫార్మలిన్, ఆల్కహాల్, జైలీన్, మైనం దాటించి 5 మైక్రాన్ల మందాన కోయాలి. అందుకు చెయ్యి తిరిగిన టెక్నీషియన్ కావాలి. ఆ మనిషినే పెట్టుకోరు.

అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీలకు ఒకప్పుడు ఏడాదిన్నర ఉండేది. 1997 నిబంధనలతో ఏడాదికి కుదించారు. ఉన్న కాస్త సమయంలోనూ పిల్లలకు మైక్రోస్కోపు అందకపోతే ఎలా? తనిఖీకి వచ్చేవారు గదులు కొలుస్తారు, అధ్యాపకుల హాజరుకు ముఖం కూడా స్కాన్ చేయిస్తున్నారు. ఒక్క స్లైడు పెట్టి చూసిన తనిఖీ నా ఉద్యోగకాలంలో నేను చూడలేదు. 1946 నుంచి వైద్య కళాశాల ఉన్న ఊరు మాది, ఆరోగ్య విశ్వవిద్యాలయం పక్కనే విజయవాడలో ఉంది. ఇక్కడి పిల్లలకు ఈ గతి పట్టడం నాకు బాధగా ఉంది.

ప్రాక్టికల్ పరీక్షలో స్పాటర్లు (గుర్తుపట్టమని ఇచ్చే నమూనాలు) మైక్రోస్కోపు కిందే పెట్టాలనీ, ఫొటోలు అంగీకరించవద్దనీ, తనిఖీకి వెళ్లినవారు ముందు స్లైడుల పెట్టె తెరిపించాలనీ అధికారులను కోరుతున్నాను.

— విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్, బ్రాడీపేట, గుంటూరు