మా బండి ఊరికెళ్లి వస్తోందని ఎలా రుజువు చేయాలి? రవాణా మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కర్ణాటక రవాణా శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను బెంగళూరులో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మాది ఆంధ్రాలో పెనుకొండ దగ్గర పల్లె, బండి కూడా ఏపీ నంబరు టూవీలరే. ఇదే విషయం మీద ఇంతకుముందు మూడు అర్జీలు పంపాను, రూమ్మేట్‌ను బతిమాలి కన్నడలో రాయించి మరీ. మూడింటికీ ‘మీ అర్జీ అందింది’ అని మెసేజ్ వచ్చింది. అందినందుకు సంతోషం. నాలుగోది నాకొచ్చిన తెలుగులోనే, అందరి ముందూ రాస్తున్నాను.

పక్క రాష్ట్రం బండి 12 నెలలకు మించి ఇక్కడే ఉంటే నంబరు మార్చుకోవాలి. మోటారు వాహనాల చట్టం, సెక్షన్ 47. పోలీసులు ఆపినప్పుడల్లా చెబుతుంటే కంఠతా వచ్చేసింది. నా గొడవ చట్టంతో కాదు. మా బండి ఇక్కడే ఉండట్లేదు సార్! రెండు వారాలకోసారి దాని మీదే ఊరికెళ్తాను, దాదాపు 140 కిలోమీటర్లు. చెనక్కాయలు పెరికే రోజుల్లో నాన్నకు బండి కావాలి, దాన్ని ఊళ్లో వదిలేసి నేను బస్సులో వస్తాను. ఆర్సీ కూడా నాన్న పేరు మీదే ఉంది.

ఈ మాట చెబితే సాక్ష్యం అడుగుతారు. కారుకైతే ఫాస్టాగ్ లెక్క ఉంటుంది, ఏ రోజు బాగేపల్లి టోల్ దాటిందో ఫోన్‌లో చూపించొచ్చు. హైవే మీద టూవీలర్‌కు టోల్ లేదు. ఆ మినహాయింపుకు ఇన్నాళ్లూ మురిసిపోయాను, ఇప్పుడదే నా కొంప ముంచింది. పెట్రోలు బిల్లు చూపిస్తే అందులో బండి నంబరు లేదన్నారు. (పైగా నెల తిరిగేసరికి అక్షరాలే మాయం.) ఊళ్లో మెకానిక్ తెల్లకాగితం మీద రాసిచ్చిన సర్వీసు చీటీకి నవ్వారు. ఆంధ్రా సరిహద్దులో కోడికొండ చెక్‌పోస్టు దగ్గర దిగిన ఫోటో చూపిస్తే, ఫోటో ఎప్పుడైనా దిగొచ్చన్నారు. కాలేజీ ఐడీ తీస్తే మరీ అన్యాయం. ‘మూడో సంవత్సరమా? అయితే బండి వచ్చి రెండేళ్లు దాటింది’ అని అక్కడికక్కడే తేల్చేశారు. చదువుకు నేను వచ్చిన తేదీ, బండి వచ్చిన తేదీ ఒకటే అని ఎవరు చెప్పారు?

పోనీ నంబరు మార్చేసుకో అంటారు. దానికి నాన్న పనులు మానుకుని ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కోసం తిరగాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. చదువు అయిపోగానే అదే తతంగం వెనక్కి చేయాలి. నాన్న పొలం చేసుకునే బండికి కేఏ (కర్ణాటక) నంబరెందుకు సార్? 2021లో వచ్చిన బీహెచ్ సిరీస్ (రాష్ట్రం మారినా మార్చక్కర్లేని నంబరు) ఉందిగా అని ఒకాయన సలహా ఇచ్చారు. అది బదిలీలయ్యే ఉద్యోగులకట, విద్యార్థులకు కాదు.

ఇప్పుడు మెజెస్టిక్ బస్టాండ్ వైపు వెళ్లాలంటేనే టెన్షన్. కూడలిలో ట్రాఫిక్ పోలీసు తెల్లచొక్కా కనిపిస్తే హెల్మెట్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ అన్నీ ఉన్నా గుండె దడదడలాడుతుంది.

నేను మాఫీ అడగట్లేదు. ఏ కాగితం చూపిస్తే బండి ఊరికెళ్లి వచ్చిందని నమ్ముతారో, ఆ ఒక్కటి చెప్పించండి. పంచాయతీ సెక్రటరీ సంతకమా, టోల్ దగ్గర ముద్రా? ఏదైనా సరే తెచ్చుకుంటాను. దయచేసి ‘అర్జీ అందింది’ అని మాత్రం పంపకండి.

శనివారం మళ్లీ ఊరికెళ్తున్నాను. ఈసారి బాగేపల్లి టోల్ దగ్గర ఆ రోజు పేపరు చేత్తో పట్టుకుని, నంబరు ప్లేటు కనబడేలా ఫోటో దిగుతాను. అదైనా చెల్లుతుందో లేదో ఆలోపు చెప్పించగలరా?

ఇట్లు,
ఏపీ 39 బండి మీద తిరిగే ఒక విద్యార్థి,
బెంగళూరు