సోమవారం ల్యాబ్‌లో మేక గుండె: తల్లిదండ్రులకు లేఖ

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

పదో తరగతి జీవశాస్త్రంలో రక్తప్రసరణ పాఠం నడుస్తోంది. వచ్చే సోమవారం పిల్లలు మేక గుండెను కోసి లోపలి భాగాలు చూస్తారు. ఐదుగురికి ఒకటి చొప్పున బడే తెప్పిస్తుంది, మీరు డబ్బులు పంపనక్కర్లేదు. మటన్ దుకాణం నడిపే తల్లిదండ్రులు మాత్రం ఒక సాయం చేయాలి. గుండెకు గాటు పెట్టకండి, పైనున్న రక్తనాళాలను మొదలంటా కోసేయకుండా రెండు అంగుళాలైనా ఉంచండి. నాళాలు పొట్టిగా ఉంటే స్ట్రాలు నిలవవు, నీళ్లు పోసి రక్తం దారి కనుక్కోవడం కుదరదు. ఆదివారం కోసినదాన్ని ఫ్రిజ్ కింది అరలో పెడితే చాలు. ఫ్రీజర్‌లో పెడితే నీరు గడ్డకట్టి కణాల పొరలు చిరిగిపోతాయి, కరిగాక కండ మెత్తబడుతుంది.

కత్తెర పట్టకముందే పిల్లలు వేళ్లతో నొక్కి చూడాలి. ఎడమ జఠరిక (గుండె కింది గది) గట్టిగా తగులుతుంది, కుడిది లొంగిపోతుంది. మనిషిలో ఎడమ గోడ మందం దాదాపు 1 సెంటీమీటరు, కుడిది అందులో మూడో వంతు. రెండూ తోసే రక్తం ఒకే మోతాదు. అయితే కుడిది పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు పంపుతుంది, అక్కడ 25 మిల్లీమీటర్ల పాదరస పీడనం చాలు. ఎడమది ఒళ్లంతటికీ పంపాలి, 120 దాకా కావాలి. బీపీ ఎక్కువై ఏళ్ల తరబడి అలాగే ఉంటే ఈ గోడ ఇంకా మందమై, బిరుసెక్కి, సరిగా వదులు కాదు. బీపీ మాత్రలు మధ్యలో మానొద్దని డాక్టర్లు చెప్పే కారణాల్లో ఇదొకటి.

చేతి కండరం నరం ఆజ్ఞ లేనిదే కదలదు. గుండె అలా కాదు. కుడి కర్ణిక (గుండె పై గది) పైభాగంలోని సిరాకర్ణికా కణుపు తనంతట తానే నిమిషానికి 60 నుంచి 100 సార్లు విద్యుత్ తరంగం పుట్టిస్తుంది. నరాలు దాన్ని పెంచడం, తగ్గించడం మాత్రమే చేస్తాయి. గుండె కణం పొడవు మిల్లీమీటరులో పదో వంతు. కొమ్మలుగా చీలి, పక్క కణాలతో చివరలు కలుపుకొని ఉంటుంది. ఆ అతుకుల్లో లాగినా ఊడని బిగింపులున్నాయి, విద్యుత్తు దాటిపోయే సన్నని దారులున్నాయి. అందుకే కోట్ల కణాలు ఒక్కటిగా ముడుచుకుంటాయి.

తరంగం రాగానే బయటి నుంచి కొంచెం కాల్షియం కణంలోకి వస్తుంది, అది లోపల నిల్వ ఉన్న కాల్షియాన్ని విడిపిస్తుంది. అప్పుడు ఆక్టిన్, మయోసిన్ అనే ప్రోటీన్ పోగులు ఒకదాని మీద ఒకటి జారి కణం కురచబడుతుంది. వదులు కావాలంటే ఆ కాల్షియాన్ని మళ్లీ తోడి పోయాలి. అంటే ముడుచుకోవడానికే కాదు, వదులు కావడానికీ శక్తి ఖర్చవుతుంది. కణంలో మూడో వంతు చోటు శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలే ఆక్రమించడం ఇందుకే. పైగా ఒకసారి స్పందించాక దాదాపు పావు సెకను ఇంకో ఆజ్ఞను తీసుకోదు కాబట్టి పిక్క పట్టేసినట్టు గుండె పట్టేయదు. ఆ వ్యవధి లేకపోతే జఠరికలు నిండేవే కావు.

ఈ కండరం సొంత రక్తనాళాలు గుండె పైనే కనిపిస్తాయి, కొవ్వు పక్కకు తీసి పిల్లలు గుర్తించాలి. మనిషి విశ్రాంతిలో ఉన్నప్పుడే గుండె కండరం తనకు వచ్చిన రక్తంలోని ఆక్సిజన్‌లో సుమారు 70 శాతం లాగేసుకుంటుంది, అదనంగా లాగడానికి పెద్దగా మిగలదు. నాళం పూర్తిగా మూసుకుపోతే అరగంట లోపే కణాలు చావడం మొదలవుతుంది. చచ్చిన చోట కొత్త కండరం రాదు, మచ్చ మిగులుతుంది. ఛాతీ బరువుగా ఉండి చెమటలు పడుతుంటే గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోవద్దు, నల్గొండ పెద్ద దవాఖానకు బండి వెతుక్కుంటూ సమయం పోగొట్టుకోవద్దు. ముందు 108కు ఫోన్ చేయండి.

పిల్లల విషయంలో గొంతు నొప్పిని తేలిగ్గా తీసుకోకండి. 5 నుంచి 15 ఏళ్ల వయసులో కొన్ని గొంతు ఇన్ఫెక్షన్లకు సరైన మందు పడకపోతే రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలను, కండరాన్ని దెబ్బతీయవచ్చు. డాక్టరు 10 రోజులకు మందు రాస్తే, నొప్పి మూడో రోజే తగ్గినా 10 రోజులూ వేయండి.

సోమవారం పిల్లలకు పాత చొక్కా ఒకటి ఇచ్చి పంపండి. గ్లవ్స్, సబ్బు ఇక్కడ ఉంటాయి. మాంసం ముట్టని ఇళ్ల పిల్లలు మోడల్, చార్టుతో అదే పాఠం చేస్తారు, మార్కులేమీ తగ్గవు. మీ ఇష్టం ఏదో శుక్రవారం లోపు డైరీలో రాసి సంతకం చేయండి.

ఇట్లు
ప్రధానోపాధ్యాయురాలు
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, నల్గొండ జిల్లా